మోకాలు మార్చుకున్నాక రాత్రుళ్ళు నిలవని కాళ్ళతో – నా అనుభవం

మోకాలి మార్పిడి ఆపరేషన్ గురించి తెలుగులో చదవడానికి చాలానే దొరుకుతోంది. ఎన్నాళ్ళకి నడవొచ్చు, ఎంత ఖర్చవుతుంది, ఏ ఎక్సర్‌సైజులు చెయ్యాలి అని అందరూ చెబుతారు. కానీ పడుకోగానే కాళ్ళు నిలవని జబ్బు ముందు నుంచే ఉన్న మనిషి ఆ ఆపరేషన్ చేయించుకుంటే రాత్రుళ్ళు ఎలా గడుస్తాయో చెప్పినవాళ్ళు నాకు కనబడలేదు. నాకు ఎడమ మోకాలు మార్చారు, కుడిది ఇంకా చేయించుకోవాలి. రెండు బాధలూ ఒకేసారి పడిన దాన్ని కాబట్టి నేను చూసింది చూసినట్టు రాస్తున్నాను. ఆ జబ్బు పేరు రెస్ట్‌లెస్ లెగ్స్ సిండ్రోమ్. మీకు గానీ మీ అమ్మానాన్నలకి గానీ అది ఉండి, ఆపరేషన్ డేట్ కూడా తీసుకుని ఉంటే మిగతా పనులు ఆపి ముందు ఇది చదవండి.

మాది ఒడిశాలో గజపతి జిల్లా పర్లాకిమిడి. పక్కనే ఉన్న పాతపట్నం ఆంధ్రాలో శ్రీకాకుళం జిల్లా, అంత సరిహద్దు. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ఆసుపత్రి అంటే ఎక్కువమందిమి విశాఖపట్నమో బరంపురమో పోతాం. ముప్పై ఏళ్ళకు పైగా జాకెట్లు కుట్టి బతికాను, ఇప్పటికీ రథయాత్ర ముందు, దసరా ముందు మా ఇంటి అరుగు మీద చీరల మూటలు పేరుకుపోతాయి. కాలితో తొక్కే మిషన్ నాది. ఈ మిషన్ సంగతి ఎందుకు చెబుతున్నానో తర్వాత అర్థమవుతుంది.

దీపాలు పెట్టే వేళ దాటాక, ఎక్కడైనా కుదురుగా కూర్చుంటే గానీ పడుకుంటే గానీ, నాకు పిక్కల లోపల ఎముకకీ కండకీ మధ్య ఏదో పాకుతున్నట్టు ఉంటుంది. నొప్పి కాదు, మంట కాదు, తిమ్మిరి కూడా కాదు. కాలు కదిపేదాకా ప్రాణం నిలవదు, కదిపితే ఆ క్షణానికి పోతుంది, ఆపితే మళ్ళీ వస్తుంది. లేచి నాలుగడుగులు వేస్తే హాయిగా ఉంటుంది, వచ్చి పడుకుంటే మొదటికొస్తుంది. తెల్లవారుజామున ఎప్పుడో దానంతటదే తగ్గి నిద్ర పడుతుంది, అప్పటికి పాలవాడు వచ్చే టైమ్ అవుతుంది. మా అమ్మకీ ఇదే ఉండేది, రాత్రంతా వరండాలో తిరిగేది, మేము అది ఆవిడ అలవాటు అనుకునేవాళ్ళం. నాకు రెండో కానుపు ముందు నెలల్లో విపరీతంగా వచ్చి, పిల్లాడు పుట్టాక దాదాపు పోయింది. మళ్ళీ యాభై దాటాక పట్టుకుంది. ఇది కుటుంబాల్లో నడుస్తుందనీ, గర్భం చివరి మూడు నెలల్లో ఎక్కువవుతుందనీ తర్వాత డాక్టరు చెప్పినప్పుడు నాకు అమ్మ గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. ఆవిడ బాధని ఒక్కరం కూడా బాధగా చూడలేదు.

పగలు, సాయంత్రం మిషన్ తొక్కుతూ ఉన్నన్నాళ్ళూ నాకు ఈ జబ్బు సగం తెలియనే లేదు. రాత్రి పదకొండు దాకా కుట్టేదాన్ని, పాదాలు ఆడుతూనే ఉండేవి, ఆ వేళకి ఒళ్ళు అలిసి నిద్ర వచ్చేసేది. మోకాళ్ళు అరిగిపోయి మిషన్ మానేసిన తర్వాతే సాయంత్రాలు నరకమయ్యాయి. విశాఖలో నరాల డాక్టరు గారు నన్ను అడిగిన ప్రశ్నలు చాలా సూటిగా ఉన్నాయి: కదపాలనే కోరిక ఆపుకోలేకుండా వస్తుందా, ఊరికే ఉన్నప్పుడు ఎక్కువా, కదిపితే తగ్గుతుందా, సాయంత్రం రాత్రి ఎక్కువా. నాలుగింటికీ అవుననే అన్నాను. తిమ్మిర్లు, పిక్క పట్టేయడం, షుగర్ వల్ల వచ్చే నరాల మంట, వీటిలో ఏదీ కాదని చూసుకుని అప్పుడు పేరు చెప్పారు. దీన్ని 1672లోనే థామస్ విల్లిస్ అనే ఇంగ్లండు వైద్యుడు రాశాడట, 1945లో స్వీడన్‌కి చెందిన ఎక్‌బామ్ అనే నరాల డాక్టరు పూర్తిగా వివరించాడట, అందుకే విల్లిస్-ఎక్‌బామ్ వ్యాధి అని కూడా అంటారట. మూడు వందల ఏళ్ళ కిందటే ఒక వైద్యుడు రాసిపెట్టిన జబ్బు అని వినేసరికి నాకు ఎంత ధైర్యం వచ్చిందో చెప్పలేను, ఎందుకంటే అప్పటిదాకా అందరూ నీకు టెన్షన్ ఎక్కువ, పడుకో, అదే పోతుంది అన్నవాళ్ళే.

రాత్రి పూట ప్రెగాబాలిన్ అనే నరాల మాత్ర ఇచ్చారు. ఐరన్ పరీక్ష చేయించారు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ 31 ఉంది. ల్యాబ్ కాగితం మీద అది నార్మల్ గీతల మధ్యే ఉంది, కానీ ఈ జబ్బు ఉన్నవాళ్ళకి 75 దాటి ఉండాలని చూస్తారు, మామూలు మనిషికి సరిపోయింది మనకి సరిపోదు అని చెప్పారు. మెదడులో కదలికలని నడిపించే డోపమిన్ అనే రసాయనం తయారవడానికి ఐరన్ కావాలి, ఈ జబ్బులో రక్తంలో ఐరన్ బాగానే ఉన్నా మెదడులో తక్కువ ఉంటుందట. ఐరన్ మాత్రలు మొదలుపెట్టాను, కొంచెం మెరుగైంది. ఈలోపు మోకాలు ఇక నడవనివ్వలేదు.

ఆపరేషన్‌కి ముందు నేను భయపడింది కోతకి కాదు, కదలకుండా పడుకోవడానికి. మత్తు డాక్టరు వచ్చినప్పుడు అంతా చెప్పాను. మా కోడలు ఒక తెల్లకాగితం మీద నాకున్న జబ్బు పేరు, వేసుకునే మాత్ర, వేసుకునే టైమ్, ఇవ్వకూడని మందులు అన్నీ పెద్ద అక్షరాలతో రాసి ఇచ్చింది. ఆ ఇవ్వకూడని మందుల లిస్టు నరాల డాక్టరు గారు చెప్పి రాయించిందే: వాంతులకి వాడే మెటోక్లోప్రమైడ్, ప్రోమెథజైన్, ప్రోక్లోర్‌పెరజైన్, ఇంకా నిద్ర తెప్పించే జలుబు, దురద మందులు. ఇవి కాళ్ళ జబ్బుని రెచ్చగొడతాయి. వాంతులకి ఆన్‌డాన్‌సెట్రాన్ ఇవ్వొచ్చు. మత్తు డాక్టరు గారు శ్రద్ధగా చదివి, రాత్రి మాత్ర ఆపొద్దు, ఆపరేషన్ ముందు రాత్రి కూడా వేసుకో అమ్మా అన్నారు.

ఆపరేషన్ వెన్నులో మత్తు ఇచ్చి చేశారు. నడుము కింద నుంచి ఏమీ తెలియలేదు, ఎన్నేళ్ళకో కాళ్ళు ప్రశాంతంగా ఉన్నాయి. మత్తు దిగుతున్నప్పుడు నొప్పి కంటే ముందు ఆ పాకుడు వచ్చింది. కోత పెట్టిన ఎడమ కాలికే కాదు, ముట్టుకోని కుడి కాలికి కూడా. ఇంతకు ముందు ఏ జబ్బూ లేనివాళ్ళకి కూడా వెన్ను మత్తు తర్వాత కొద్ది రోజులు ఇలా రావడం ఉంటుందని డాక్టరు చెప్పారు, మనకైతే ముందే ఉంది.

ఆ రాత్రి జరిగింది నేను మర్చిపోలేను. వికారంగా ఉందంటే డ్యూటీలో ఉన్న సిస్టర్ సెలైన్‌లో వాంతుల ఇంజెక్షన్ ఇచ్చింది. అది మెటోక్లోప్రమైడే. మత్తు డాక్టరుకి ఇచ్చిన కాగితం ఆపరేషన్ థియేటర్ ఫైల్‌లో ఉండిపోయింది, వార్డు ఫైల్‌లోకి రాలేదు. కాసేపటికి కాళ్ళే కాదు, ఒళ్ళంతా ఒక చోట ఉండనివ్వడం లేదు. ఎడమ కాలికి కట్టు, డ్రైన్ గొట్టం, చేతికి సెలైన్, లేవకూడదు, కదలకపోతే ఉండలేను. మంచం కడ్డీ పట్టుకుని కుడి కాలు పరుపు మీద రాత్రంతా రాస్తూనే ఉన్నాను, మడమ తోలు ఊడింది. మా కోడలు ఫోన్‌లో ఉన్న ఆ కాగితం ఫొటో తీసి డ్యూటీ డాక్టరుకి చూపించింది కాబట్టి ఆ మందు ఆపి ఫైల్ పైన ఎర్ర ఇంకుతో రాశారు. నా బాధ ఏమిటంటే, ఆ ఇంజెక్షన్ ఇచ్చిన పిల్ల తప్పేమీ లేదు, ఆమెకి ఎవరూ చెప్పలేదు. పెద్ద ఆసుపత్రిలో థియేటర్‌కీ వార్డుకీ మధ్య మన మాట దారి తప్పుతుంది. అందుకని కాగితం ఒకటి కాదు, నాలుగు కాపీలు తీయండి. ఒకటి మత్తు డాక్టరుకి, ఒకటి సర్జన్‌కి, ఒకటి వార్డు సిస్టర్ల దగ్గర, ఒకటి మంచం తల దగ్గర గోడకి ప్లాస్టర్ వేసి అంటించండి. షిఫ్ట్ మారిన ప్రతిసారీ పక్కన ఉన్న మనిషి నోటితో కూడా చెప్పాలి.

ఆపరేషన్ తర్వాత ఈ జబ్బు ఎందుకు పెరుగుతుందో సర్జన్ గారు, నరాల డాక్టరు గారు చెప్పినవి కలిపి చూస్తే నాకు అర్థమైంది ఇది. ఆపరేషన్‌లో రక్తం పోతుంది, దానితో ఐరన్ పోతుంది. కదలకుండా పడుకోవాలి, అదే ఈ జబ్బుకి పెద్ద శత్రువు. నిద్ర చెడుతుంది, నిద్ర చెడితే మర్నాడు సాయంత్రం ఇంకా ఎక్కువవుతుంది. మధ్యలో ఈ మందులు. అన్నీ ఒకే వారంలో వచ్చి పడతాయి. ఇంకొకటి, నొప్పికి ఇచ్చే ట్రామడాల్ లాంటి మందులు ఈ కాళ్ళ జబ్బుని కూడా అణిచిపెడతాయి, కాబట్టి వాటి మీద ఉన్నన్నాళ్ళూ బాగానే ఉందనిపిస్తుంది, ఆపగానే ఒక్కసారిగా లేస్తుంది. నాకు అలాగే జరిగింది, కానీ నరాల డాక్టరు గారు ముందే చెప్పి ఉంచారు కాబట్టి కంగారు పడలేదు, ఒక్కసారి ఆపకుండా డోసు కొంచెం కొంచెంగా తగ్గించారు.

అన్నిటికంటే నాకు పనికొచ్చింది నొప్పినీ ఈ పాకుడునీ విడదీసి చెప్పడం నేర్చుకోవడం. మొదట్లో సిస్టర్ వచ్చి నొప్పి పదికి ఎంత అని అడిగితే ఎనిమిది అనేదాన్ని, ఇంకో నొప్పి ఇంజెక్షన్ ఇచ్చేవాళ్ళు, మగతగా ఉండేది తప్ప కాళ్ళు ఆగేవి కాదు. తర్వాత నుంచి, కోత నొప్పి మూడు, కాళ్ళు నిలవకపోవడం ఎనిమిది అని రెండు అంకెలు చెప్పడం మొదలుపెట్టాను. కోత నొప్పి కదిపితే పెరుగుతుంది, ఐస్ పెట్టి కాలు ఎత్తుగా పెడితే తగ్గుతుంది, పొద్దున ఎక్సర్‌సైజు చేశాక ఎక్కువ. ఇది దానికి పూర్తిగా తిరగబడి ఉంటుంది, కదిపితే తగ్గుతుంది, ఊరుకుంటే పెరుగుతుంది, పొద్దున్నే అసలు ఉండదు. అలా చెప్పడం మొదలుపెట్టాక డాక్టర్లు వేరే వేరే మందు ఆలోచించారు. ఇంకొకటి కూడా తెలిసి ఉండాలి. ఒక్క పిక్కే వాచి, ఎర్రబడి, వేడిగా ఉండి, ముట్టుకుంటే నొప్పి పెడితే అది ఈ జబ్బు కాదు, రక్తం గడ్డకట్టిందేమోనని వెంటనే చూపించుకోవాలి. ఆయాసం గానీ గుండెల్లో నొప్పి గానీ వస్తే ఒక్క నిమిషం ఆగకూడదు. కాళ్ళు ఎప్పుడూ ఇలాగే ఉంటాయిలే అనే అలవాటులో మనం దీన్ని వదిలేసే ప్రమాదం ఉంది.

రాత్రుళ్ళు ఎలా గడిపానంటే, ముందు మంచంలోనే. పాదాలు పైకీ కిందకీ ఆడించడం, తొడ కండ బిగించి వదలడం, మడమ పరుపు మీద జరుపుతూ మోకాలు మడవడం, ఇవన్నీ ఎలాగూ ఫిజియోథెరపీలో చేయమన్నవే, రక్తం గడ్డకట్టకుండా, మోకాలు బిగుసుకోకుండా. వీటినే నేను రాత్రికి దాచుకున్నాను. మా ఫిజియో అమ్మాయి బరంపురం పిల్ల, నన్ను మావుసీ (ఒడియాలో పిన్ని) అని పిలిచేది. నా సంగతి విని, చివరి దఫా ఎక్సర్‌సైజులు సాయంత్రం అయిదుకి కాకుండా పడుకునే ముందు చేయించమని మా వాళ్ళకి చెప్పింది. పగలు ఎక్కువ సేపు ఒకే చోట కూర్చోకుండా కొంచెం కొంచెం నడిపించింది. కానీ సాయంత్రం పూట గట్టిగా చేస్తే మాత్రం రాత్రి ఇంకా పెరిగేది, ఆ కొలత ఎవరికి వాళ్ళు చూసుకోవలసిందే.

ఆపరేషన్ కాలికి మోకాలి కింద దిండు పెట్టుకోవాలని ప్రాణం లాగుతుంది, హాయిగా ఉంటుంది. పెట్టొద్దన్నారు, మోకాలు పూర్తిగా చాచుకోకుండా వంగి బిగిసిపోతుందట. మడమ కింద పెట్టుకున్నాను.

మంచంలో చేసినవి చాలనప్పుడు లేవాలి. ఇక్కడే అసలు భయం. కాళ్ళ జబ్బు లే లే అంటుంది, కొత్త మోకాలు ఇంకా ఒంటి బరువు మోయడం నేర్చుకోలేదు, పైగా ప్రెగాబాలిన్, నొప్పి మాత్రలు కలిసి తల తిప్పుతుంది. అర్ధరాత్రి నిద్ర మత్తులో ఒక్కదాన్నే లేచి పడితే కొత్త కీలు ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఈ రెండు రకాల మందులు కలిస్తే ఊపిరి కూడా నెమ్మదిస్తుంది కాబట్టి డాక్టరు చెప్పిన డోసు దాటకూడదని, నిద్ర కోసం సొంతంగా ఇంకో మాత్ర కలపొద్దని గట్టిగా చెప్పారు. కాబట్టి మా ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం, ఎంత ఆగలేకపోయినా మనిషిని లేపకుండా నేను నేల మీద పాదం పెట్టకూడదు. కుట్లు విప్పేదాకా విశాఖలో మా తమ్ముడి ఇంట్లో ఉన్నాం. తమ్ముడు మంచానికి పూజ గంట కట్టాడు. "మొహమాటపడి నువ్వొక్కదానివే లేచావంటే ఊరుకోను అక్కా, ఎన్నిసార్లైనా కొట్టు" అన్నాడు. ముందు సగం రాత్రి మా కోడలు, తర్వాత సగం మా ఆయన అని వంతులు వేసుకున్నారు. వాకర్ పట్టుకుని మంచం పక్కన నిలబడి ఒంటి బరువు ఈ కాలి మీంచి ఆ కాలికి మార్చుకుంటే చాలా సార్లు అదే సరిపోయేది, నడవక్కర్లేదు. నడిస్తే హాలు దాకా, మళ్ళీ వెనక్కి. దారిలో డోర్‌మ్యాట్లు తీసేశాం, చిన్న లైటు రాత్రంతా వెలిగేది, తడి బాత్రూమ్‌లోకి ఒక్కదాన్నే పోలేదు.

పక్కనున్న మనిషి గురించి ఒక మాట. మా ఆయన ముప్పై ఏళ్ళుగా నా పక్కనే పడుకున్నా, నా కాళ్ళ సంగతి ఆయనకి ఈ రాత్రుల్లోనే తెలిసింది. ఒక రాత్రి వాకర్ వెనకాల నడుస్తూ, "ఇన్నేళ్ళూ ఇదేనా నువ్వు పడింది" అన్నారు. అంతకంటే ఏమీ అనలేదు. ఈ జబ్బు ఉన్నవాళ్ళకి నమ్మే మనిషి ఒకరు దొరికితే సగం బరువు దిగుతుంది, నేను ఇది మనస్ఫూర్తిగా చెబుతున్నాను.

విశాఖ నుంచి పర్లాకిమిడికి కారులో రావడం పెద్ద పరీక్ష. కాలు చాపుకుని కదలకుండా గంటల తరబడి కూర్చోవాలి. పొద్దున్నే బయల్దేరాం, ఎందుకంటే పొద్దున నా కాళ్ళు నెమ్మదిగా ఉంటాయి, అదే ప్రయాణం సాయంత్రం పెట్టుకుంటే భరించలేకపోయేదాన్ని. శ్రీకాకుళంలో, పాతపట్నంలో దిగి వాకర్‌తో నిలబడ్డాను. రక్తం గడ్డకట్టకుండా కూడా అలా ఆగి దిగమన్నారు.

ఇంటికొచ్చాక వీధి వీధంతా వచ్చి పలకరించారు, ఒక్కొక్కరూ ఒక్కో వైద్యం. నువ్వుల నూనె కాచి పిక్కలు గట్టిగా పిసకమన్నవాళ్ళు, చీర పేలికతో కాలు బిగించి కట్టమన్నవాళ్ళు, ఉప్పు కాపడం పెట్టమన్నవాళ్ళు. వాళ్ళ ప్రేమకి దణ్ణం పెడతాను. ఆరోగ్యంగా ఉన్న కాలికైతే రాయడం, పిసకడం నిజంగా హాయినిస్తుంది, నా కుడి కాలికి మా కోడలు రోజూ రాసేది. కానీ ఆపరేషన్ అయిన కొత్తలో ఆ పిక్కని గట్టిగా పిసకడం, బిగించి కట్టడం వద్దని సర్జన్ గారు ఖచ్చితంగా చెప్పారు, లోపల రక్తపు గడ్డ ఉంటే ప్రమాదం. గాయం పూర్తిగా మానేదాకా కాపడం కూడా వద్దన్నారు, ఆ పక్కన తిమ్మిరి ఉంటుంది కాబట్టి వేడి తెలియక కాలుతుంది. ఐస్ మాత్రం గుడ్డలో చుట్టి పదిహేను ఇరవై నిమిషాలు పెట్టుకునేదాన్ని, అది వాపుకీ పనికొచ్చింది, పాకుడుకీ కొంచెం పనికొచ్చింది. సాయంత్రం టీ మానేశాను. టీ మానడం నాకు తేలిక కాదు, కుట్టు పనిలో టీయే తిండి. మధ్యాహ్నం తర్వాత తాగకపోతే తేడా కనబడింది కాబట్టి మానేశాను.

చేతికి పని, మనసుకి పని ఉంటే కూడా కాళ్ళు ఆగుతాయి. ఊరికే టీవీ చూస్తే లాభం లేదు. నేను మంచంలో కాలు చాపుకుని హెమ్మింగ్, హుక్కులు కుట్టడం, కాజాలు కుట్టడం చేసేదాన్ని, లెక్క తప్పకుండా చూసుకోవలసిన పని కదా, ఆ అరగంట ప్రశాంతంగా ఉండేది.

ఇక ఐరన్. ఇది నేను గట్టిగా చెప్పాలనుకున్న విషయం. ఆపరేషన్ తర్వాత హిమోగ్లోబిన్ తగ్గింది. ఫెరిటిన్ చేయిస్తే మాత్రం అంతకు ముందు కంటే ఎక్కువ కనబడింది, మేము సంతోషించాం. నరాల డాక్టరు గారు అది నమ్మొద్దన్నారు. ఒంట్లో గాయం, వాపు ఉన్నప్పుడు ఫెరిటిన్ దానంతటదే పెరిగి కనబడుతుందట, లోపల నిల్వ ఉన్నట్టు కాదు. రక్తంలో ఐరన్‌ని మోసే ప్రొటీన్ ఎంత నిండి ఉందో చెప్పే ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ అనే ఇంకో పరీక్ష కూడా చూడాలి, అది 20 శాతం కంటే తక్కువ ఉంటే ఐరన్ లేదనే లెక్క. నాది తక్కువే ఉంది. పరీక్షకి పొద్దున పరగడుపున రక్తం ఇవ్వాలి, ముందు రోజు ఐరన్ మాత్ర వేసుకోకూడదు.

మాత్రలు రోజు విడిచి రోజు వేసుకోమన్నారు. ఒక రోజు మాత్ర పడితే ఒళ్ళు మరుసటి రోజు ఐరన్ తీసుకోవడం తగ్గించేస్తుందట, అందుకని రోజు విడిచి వేసుకుంటే ఎక్కువ ఒంటబడుతుంది, కడుపులో బాధ కూడా తక్కువ. నిమ్మరసంతో వేసుకోవాలి. టీతో, పాలతో, కాల్షియం మాత్రతో కలిపి వేసుకోకూడదు. మోకాలు ఆపరేషన్ అయినవాళ్ళకి చాలామందికి కాల్షియం రాసిస్తారు, రెండూ ఒకేసారి మింగేస్తుంటారు, కాబట్టి మధ్యలో గంటల తేడా పెట్టుకోవాలని చూసుకోండి. నొప్పి మందుల వల్ల మలబద్ధకం ముందే ఉంటుంది, ఐరన్ దాన్ని పెంచుతుంది, నీళ్ళు, పీచు ఉన్న తిండి, అవసరమైతే డాక్టరు రాసిన మందు. చోడంబలి (రాగి అంబలి), మునగాకు, ఆకుకూరలు మా ఇంట్లో రోజూ ఉంటాయి, అవి మానలేదు, కానీ ఇంత లోటుని తిండి ఒక్కటే పూడ్చలేదని డాక్టరు స్పష్టంగా చెప్పారు. మాత్రలతో నెలలు పడుతుంది కాబట్టి చివరికి ఆసుపత్రిలో పడుకోబెట్టి సెలైన్‌లో ఐరన్ ఎక్కించారు. వెంటనే మార్పు రాలేదు. కొన్ని వారాలు పోయాక ఒక రాత్రి గంట కొట్టకుండా తెల్లారిందని మా కోడలే గమనించి, "అత్తయ్యా, రాత్రి మీరు లేవలేదు" అంది.

మా వీధిలో ఒకాయనకి ఇదే జబ్బు, ఆయన డోపమిన్‌లా పనిచేసే ప్రామిపెక్సోల్ అనే మందు వాడతారు, మొదట్లో అద్భుతంగా పనిచేసిందట, నాకు కూడా అదే వేసుకోమన్నారు. డాక్టరుని అడిగాను. ఆ రకం మందులు ఏళ్ళ తరబడి వాడితే కొందరికి జబ్బు తిరగబడుతుందట, రాత్రి వచ్చేది మధ్యాహ్నానికే మొదలవుతుంది, చేతులకి కూడా పాకుతుంది. 2025లో అమెరికాలో నిద్ర వైద్యుల సంఘం ఇచ్చిన సూచనల్లో కూడా వాటిని మామూలుగా మొదటి మందుగా వాడొద్దనే చెప్పి, ఐరన్‌నీ, గాబాపెంటిన్, ప్రెగాబాలిన్ లాంటి వాటినీ ముందు పెట్టారట. మా పొరుగాయనకి నేను ఇది చెప్పాను, కానీ సొంతంగా ఆపొద్దని కూడా చెప్పాను, అలా ఆపితే విపరీతంగా పెరుగుతుంది, డాక్టరు దగ్గరే మార్చుకోవాలి.

మెట్ల సంగతి అందరికీ చెబుతారు, ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. మా ఇంటి అరుగుకి మూడు మెట్లున్నాయి, అది బాగా అలవాటైంది. మిషన్ తొక్కడానికి మాత్రం చాలా ఆగాల్సి వచ్చింది. మోకాలు తగినంత వంగాక, సర్జన్ గారు చూసి సరే అన్నాక మొదలుపెట్టాను, ముందు కుడి పాదంతో, తర్వాత రెండింటితో, కాసేపే. సాయంత్రం ఏడు తర్వాత తొక్కుతాను, ఎక్కువ కుట్టను. ఆ పాదాల కదలికే నాకు కావలసింది. ఫిజియో అమ్మాయికి ఫోన్ చేసి చెబితే, మావుసీ, మీకు ఇంట్లోనే ఎక్సర్‌సైజు మిషన్ ఉంది అంది.

ఇప్పుడు ఎడమ మోకాలు బాగా వంగుతోంది. కాళ్ళ జబ్బు పోలేదు, అది పోయే రకం కాదు, కానీ వారంలో ఎక్కువ రాత్రులు పడుకుంటున్నాను. వచ్చే చలికాలంలో కుడి మోకాలు. ఈసారి ఆపరేషన్‌కి రెండు మూడు నెలల ముందే ఐరన్ పరీక్షలు రెండూ చేయించి, తక్కువుంటే అప్పుడే ఎక్కించుకుంటాను, రక్తం పోయాక కాదు. ఆ రోజు లిస్టులో పొద్దున మొదటి పేరు నాది పెట్టమని అడుగుతున్నాను, సాయంత్రం దాకా ఏమీ తినకుండా మంచం మీద ఎదురుచూడటం నా వల్ల కాదు. గోడ పక్క మంచం కాకుండా రెండు పక్కలా నిలబడే చోటున్న మంచం అడుగుతాను. రాత్రి మాత్ర ఎన్ని గంటలకి పడాలో మందుల చార్టులోనే రాయిస్తాను. కాగితం కాపీలు మా కోడలు ఇప్పటికే తీసి ఫైల్‌లో పెట్టింది.